కలగలిసిన ఖాళీ కేస్‌లను రీలోడింగ్ కోసం వేరు చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

తుపాకీ కాల్చాక కింద పడిన తూటాల ఇత్తడి కేస్‌లను (ఖాళీ తొడుగులను) ఏరి, శుభ్రం చేసి, మళ్లీ ప్రైమర్ (పిన్ దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న బిళ్ల), పౌడర్ (మందు), బుల్లెట్ పెట్టుకోవడమే రీలోడింగ్. ఈ పనిలో అందరూ త్వరగా దాటేయాలనుకునేది కలిసిపోయిన కేస్‌లను రకాలవారీగా వేరు చేయడం. కానీ ప్రెస్ (తూటాలు తయారు చేసే లీవర్ యంత్రం) దగ్గర నాకు ఎదురైన ఇబ్బందుల్లో చాలావాటికి మూలం, వేరు చేసేటప్పుడు నా కంటికి తప్పిన ఒకే ఒక్క కేస్. అందుకే ఈ పనికి సంబంధించి కొత్తవాళ్లు అడిగే ప్రశ్నలకు కాస్త వివరంగానే జవాబులు రాశాను.

ముందుగా చట్టం సంగతి ఏమిటి?

రీలోడింగ్‌కు అనుమతి ఉందా లేదా అన్నది దేశాన్ని బట్టి మారుతుంది. కొన్ని చోట్ల ఎవరైనా చేసుకోవచ్చు, కొన్ని చోట్ల లైసెన్స్ ఉండాలి, కొన్ని చోట్ల పూర్తిగా నిషేధం. ఖాళీ కేస్ దగ్గర పెట్టుకోవడానికి కూడా నిబంధనలున్న చోట్లు ఉన్నాయి. మీ దగ్గరి నియమం తెలుసుకున్నాకే కేస్‌ల బకెట్ ఇంటికి తెచ్చుకోండి. రేంజ్‌లో (కాల్పులు సాధన చేసే చోట) కింద పడినవి ఏరుకోవడానికి కూడా అక్కడివారిని అడగాలి. కొన్ని రేంజ్‌లలో నేల మీద పడిన బ్రాస్ (ఇత్తడి కేస్‌లు) రేంజ్‌దే అవుతుంది.

బకెట్ ముందుంది. మొదట ఏం చేయాలి?

చేతులకు నైట్రైల్ గ్లౌజులు వేసుకుని, గాలి ఆడే చోట, వెలుతురు బాగా ఉన్న బల్ల మీద కూర్చోండి. ఒకేసారి అన్నీ కుమ్మరించకుండా రెండు మూడు దోసిళ్లు మాత్రమే పరచండి. ఈ తొలి విడతలో వెతకాల్సింది కేస్ రకం కాదు, పేలని తూటా. రేంజ్ నేల మీద ఏరిన బ్రాస్‌లో పేలకుండా పడిపోయిన .22 రకం చిన్న తూటాలు దొరకడం మామూలే. పిన్ దెబ్బ తిన్నా పేలని పెద్ద తూటా కూడా అప్పుడప్పుడు కనిపిస్తుంది. అలాంటిది కనిపిస్తే వేరే డబ్బాలో పెట్టి రేంజ్ వాళ్లకు అప్పగించండి. దాన్ని టంబ్లర్‌లో (కేస్‌లను తిప్పుతూ శుభ్రం చేసే యంత్రంలో) వేయకూడదు, ఊడదీయబోకూడదు, తుక్కులో కలపకూడదు.

పొట్టి .22 కేస్‌లు పెద్ద కేస్‌ల లోపలికి దూరిపోతాయి. పైపైన చూస్తే కనిపించవు. ప్రతి కేస్‌నూ మూతి కిందికి తిప్పి ఒకసారి దులపడం అలవాటు చేసుకోండి.

అయస్కాంతం ఎందుకు?

పైకి ఇత్తడిలా మెరుస్తూ లోపల ఉక్కు ఉండే కేస్‌లు ఉన్నాయి. వాటి మీద ఉన్నది ఇత్తడి పూత మాత్రమే. అయస్కాంతాన్ని కుప్ప మీదుగా తిప్పితే అవి అతుక్కుంటాయి. ఉక్కు కేస్‌లను పక్కన పెట్టేయండి. ఇత్తడి సాగి మళ్లీ ఆకారానికి రావడంలో చూపే గుణం ఉక్కులో అంతగా ఉండదు. పైగా చాలా ఉక్కు కేస్‌లలో మామూలు డైతో (ప్రెస్‌లో బిగించే అచ్చుతో) తీయలేని ప్రైమర్ ఉంటుంది.

అల్యూమినియం కేస్‌లు అయస్కాంతానికి అతుక్కోవు. తెల్లగా, చేతికి మరీ తేలికగా ఉంటాయి. వాటిని ఒక్కసారి వాడటానికే తయారు చేస్తారు. నికెల్ పూత ఉన్న ఇత్తడి కేస్‌లు కూడా తెల్లగానే ఉంటాయి కనుక ఇక్కడ కొత్తవాళ్లు పొరబడతారు. తేడా బరువులో తెలుస్తుంది, అనుమానం ఉంటే మూతి లోపలి అంచున గీకి చూడండి. పూత కింద పసుపు కనిపిస్తే అది ఇత్తడే, వాడుకోవచ్చు. కాకపోతే నికెల్ పూత కేస్‌లకు మూతి దగ్గర కాస్త ముందుగానే చీలికలు వస్తాయి.

క్యాలిబర్ (తూటా కొలత రకం) వారీగా వేగంగా వేరు చేయడం ఎలా?

పిస్టల్ బ్రాస్ ఎక్కువగా ఉంటే జల్లెడ పళ్లేలు బాగా పనికొస్తాయి. ఒకదాని కింద ఒకటిగా ఉండే ఈ పళ్లేల చీలికలు కిందికి వెళ్లేకొద్దీ ఇరుకవుతాయి. పై పళ్లెంలో .45 ఏసీపీ ఆగుతుంది, దాని కింద .40, ఆ కింద 9 ఎంఎం. .380 లాంటి సన్నవి అడుగుకు చేరతాయి.

అయితే జల్లెడ చూసేది కేస్ లావును మాత్రమే, పొడవును కాదు. .40 ఆగిన పళ్లెంలోనే 10 ఎంఎం, .357 సిగ్ కూడా ఆగుతాయి. 9 ఎంఎం కుప్పలో .38 సూపర్, మకరోవ్ దాక్కుంటాయి. .223 లాంటి సన్న రైఫిల్ కేస్‌లు అడ్డంగా పడి చీలికల్లో ఇరుక్కుంటాయి. అందుకని రైఫిల్ కేస్‌లనూ రివాల్వర్ కేస్‌లనూ ముందే చేత్తో ఏరేసి, మిగిలినవి జల్లెడకు వేయండి. జల్లెడ పని అయ్యాక కూడా ప్రతి కేస్ అడుగున ఉన్న అక్షరాలు చదవాల్సిందే. ఈ చదివే పనిని తప్పించే పరికరం ఏదీ నాకు తారసపడలేదు.

ఒకదానికొకటి పొరబడే కేస్‌లు ఏవి?

అన్నిటికంటే ఎక్కువగా చిక్కు తెచ్చేవి 9 ఎంఎం లూగర్, .380 ఏసీపీ, 9 ఎంఎం మకరోవ్. లూగర్ కేస్ పొడవు 19.15 మిల్లీమీటర్లు, మకరోవ్ సుమారు 18.1, .380 సుమారు 17.3. మూడూ విడివిడిగా చేతిలో ఉంటే తేడా పట్టడం కష్టం. బల్ల మీద పక్కపక్కన నిలబెడితే మాత్రం వెంటనే తెలిసిపోతుంది. నేను 9 ఎంఎం కుప్పను చివరగా ఒకసారి ట్రేలో మూతి పైకి వచ్చేలా నిలబెట్టి, కన్ను ట్రే మట్టానికి తెచ్చి చూస్తాను. పొట్టిది ఒక్కటున్నా వరుసలో గుంత పడినట్టు కనిపిస్తుంది.

ఈ జాగ్రత్త ఎందుకో చెబుతాను. తొలి రోజుల్లో నా 9 ఎంఎం కుప్పలో ఒక .380 మిగిలిపోయింది. ప్రెస్‌లో అది డైలోకి వెళ్లింది, బయటికీ వచ్చింది. మూతి విప్పాల్సిన దశలో పొడవు చాలక విప్పుకోలేదు. బుల్లెట్ పెట్టేసరికి పట్టు లేక వేలితో నొక్కితే లోపలికి జారింది. చూశాను కనుక సరిపోయింది. బుల్లెట్ అలా లోపలికి జారిన తూటాను కాలిస్తే లోపలి ఖాళీ తగ్గి పీడనం ప్రమాదకరంగా పెరుగుతుంది. ఆ రోజు తయారు చేసిన తూటాలన్నిటినీ ఒక్కొక్కటిగా మళ్లీ కొలిచాను.

మకరోవ్‌లో ఇంకో తేడా ఉంది. దాని బుల్లెట్ వ్యాసం సుమారు 9.27 మిల్లీమీటర్లు, లూగర్‌ది 9.02. పేర్లలో రెండూ 9 ఎంఎం అయినా కొలతలు వేరు.

.40 పొడవు సుమారు 21.6 మిల్లీమీటర్లు, 10 ఎంఎం 25.2. రెంటి అడుగు భాగం ఒకటే కనుక పొడవు చూసి తీరాలి. .38 స్పెషల్ సుమారు 29.3 అయితే .357 మాగ్నమ్ 32.8. .44 స్పెషల్, .44 మాగ్నమ్ మధ్య కూడా ఇలాంటి తేడాయే ఉంటుంది. .45 గాప్ అనే పొట్టి కేస్ .45 ఏసీపీలో కలిసిపోతే అడుగు చదివితే దొరుకుతుంది.

ఒకే క్యాలిబర్‌లో చిన్న ప్రైమర్, పెద్ద ప్రైమర్ రెండూ ఉంటాయా?

ఉంటాయి. .45 ఏసీపీ కేస్‌లు చాలాకాలం పెద్ద ప్రైమర్‌తోనే వచ్చేవి. తర్వాత కొందరు తయారీదారులు చిన్న ప్రైమర్‌తో కూడా చేయడం మొదలుపెట్టారు. పెద్ద ప్రైమర్ వ్యాసం సుమారు 5.33 మిల్లీమీటర్లు, చిన్నది సుమారు 4.45. కేస్‌ను తలకిందులుగా పెట్టి చూస్తే తేడా కంటికే తెలుస్తుంది. ఒకటి పక్కన పెట్టుకుని పోల్చి చూస్తే పొరబడే అవకాశం ఇంకా తగ్గుతుంది.

లీవర్ ఒక్కో లాగుడుకు అన్ని దశలూ ఒకేసారి నడిచే ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో ఇది నిజంగా ప్రమాదం. చిన్న ప్రైమర్ పట్టే గుంటలోకి పెద్ద ప్రైమర్‌ను బలంగా నొక్కితే ప్రైమర్ అక్కడికక్కడే పేలొచ్చు. లీవర్ అలవాటుకంటే గట్టిగా తగిలితే ఆపేయండి, బలం పెట్టకండి. కళ్లకు రక్షణ అద్దాలు ఎప్పుడూ ఉండాలి. రెండు రకాల .45 ఉంటే వాటిని వేర్వేరు రంగుల మూతలున్న డబ్బాల్లో పెట్టండి. చిన్న ప్రైమర్ ఉన్న బ్రాస్‌లో లోపం ఏమీ లేదు, ఇబ్బందంతా కలిసిపోవడంలోనే.

బోక్సర్, బెర్డాన్ అంటే ఏమిటి?

కేస్ లోపల అడుగున ఉన్న రంధ్రాలను బట్టి ఈ పేర్లు. లోపలికి టార్చ్ వేసి చూస్తే మధ్యలో ఒకటే రంధ్రం ఉంటే బోక్సర్, పక్కల రెండు చిన్న రంధ్రాలుంటే బెర్డాన్. రీలోడింగ్‌కు మామూలుగా వాడేది బోక్సర్. ప్రైమర్ తీసే డైలో ఉన్న పిన్ ఆ మధ్య రంధ్రం గుండా వెళ్లి ప్రైమర్‌ను నెడుతుంది. బెర్డాన్ కేస్ వస్తే పిన్‌కు దారి లేక వంగుతుంది లేదా విరుగుతుంది.

బెర్డాన్ అమెరికా వాడు, బోక్సర్ బ్రిటన్ వాడు. ఇద్దరి ప్రైమర్లూ 1860ల నాటివే. చివరికి బ్రిటన్ వాడి పద్ధతి అమెరికాలో, అమెరికా వాడి పద్ధతి యూరప్‌లోని పలు దేశాల్లో ఎక్కువగా చెలామణీ అయ్యాయి. అందుకే యూరప్ నుంచి వచ్చిన పాత సైనిక కేస్‌లు కుప్పలో ఉంటే లోపల చూడకుండా డైలోకి పంపకండి.

సైనిక కేస్‌ల అడుగున ఉన్న గుర్తులు ఏం చెబుతాయి?

వృత్తంలో ప్లస్ గుర్తు ఉంటే అది నాటో ప్రమాణాలకు చేసినది. ఎల్‌సీ అనే అక్షరాల పక్కన రెండంకెలు ఉంటే అమెరికాలోని లేక్ సిటీ కర్మాగారంలో ఆ ఏడాది తయారైనదని అర్థం. ఆ కర్మాగారం 1941లో మొదలైంది. ఇలాంటి కేస్‌లలో ప్రైమర్ ఊడిపోకుండా చుట్టూ ఇత్తడిని లోపలికి నొక్కుతారు, దీన్నే క్రింప్ అంటారు. ప్రైమర్ చుట్టూ వలయంలా నొక్కుడు గుర్తో, మూడు నాలుగు చోట్ల పొడిచిన గుర్తులో కనిపిస్తాయి.

క్రింప్ ఉన్న గుంటలోకి కొత్త ప్రైమర్ సరిగా కూర్చోదు. ఆ ఇత్తడిని వెనక్కి నొక్కే స్వేజ్ పరికరంతోనో, గీకి తీసే రీమర్‌తోనో ముందు క్రింప్ తొలగించాలి. అందుకని ఇవి వేరు కుప్ప. రీమర్‌తో ఎక్కువ గీకితే గుంట వదులై కేస్ పనికిరాకుండా పోతుంది, నాలుగైదు కేస్‌లు పాడయ్యాక ఆ పని చేతికి అలవడుతుంది.

.223, 5.56 కేస్‌లు కలిపి ఉంచొచ్చా?

బయటి కొలతల్లో దాదాపు ఒకటే, రెంటినీ ఒకే డైలతో చేస్తారు. క్రింప్ ఉన్నవి, లేనివి వేరు చేస్తే సగం పని అయిపోయినట్టే. .308, 7.62×51 విషయంలో మాత్రం కొంచెం ఎక్కువ శ్రద్ధ పెట్టాలి. సైనిక 7.62 కేస్ గోడ సాధారణంగా మందంగా ఉంటుంది, లోపలి ఖాళీ తగ్గుతుంది, అదే పౌడర్‌కు పీడనం పెరుగుతుంది. ఆ రెండూ కలిసిపోయిన కుప్పకు ఒకే పౌడర్ కొలత వాడకూడదు. కొత్త రకం కేస్‌కు ఎప్పుడూ నమ్మదగిన మాన్యువల్‌లోని ప్రారంభ కొలత నుంచే మొదలుపెట్టాలి.

.300 బ్లాకవుట్ సంగతి ఇంకా జాగ్రత్తగా చూడాలి. చాలామంది దాన్ని .223 కేస్‌ను కోసి తయారు చేసుకుంటారు. అడుగున అక్షరాలు .223 అనే ఉంటాయి, ఆకారం మాత్రం .300. అడుగు ఒక్కటే చదివి వేరు చేస్తే ఇది తప్పిపోతుంది. .223 పొడవు దాదాపు 44.7 మిల్లీమీటర్లు, .300 దాదాపు 34.7. .300 తూటా .223 రైఫిల్ ఛాంబర్‌లో (తూటా కూర్చునే గదిలో) పడితే ఆ రైఫిల్ పగిలిపోవచ్చు, అందుకే వీటి డబ్బాలను పక్కపక్కన కూడా పెట్టకండి.

ఏ కేస్‌లను నిర్దాక్షిణ్యంగా పారేయాలి?

మూతి చీలినవి, పక్కన నిలువు చీలిక ఉన్నవి. చిన్న చీలిక కంటికి కనిపించకపోతే చెవికి వినిపిస్తుంది. గుప్పెడు పిస్టల్ కేస్‌లను అరచేతిలో ఆడించి వినండి. మంచి ఇత్తడి గణగణమంటుంది. చీలినది కలిస్తే ఆ శబ్దంలో మొద్దుదనం వస్తుంది. పగిలిన కుండను వేలితో కొట్టి పట్టేసినట్టే ఇది కూడా. నేను కళ్లతో చూశాక కూడా ఒకసారి చెవితో విని తీరతాను.

రైఫిల్ కేస్‌లలో వెతకాల్సింది అడుగుకు కొంచెం పైన చుట్టూ వచ్చే సన్నని మెరిసే వలయం. అక్కడ లోపలి గోడ పలచబడుతోందని దాని అర్థం కావచ్చు. అలాంటిదాన్ని మళ్లీ వాడితే కేస్ రెండు ముక్కలై అడుగు భాగం విడిపోవచ్చు. పేపర్ క్లిప్ కొనను చిన్న కొక్కెంలా వంచి, లోపల అడుగు నుంచి పైకి గీసుకుంటూ రండి. గుంటలా తగిలితే తుక్కు డబ్బాలోకి పంపండి. డై ముట్టుకున్న గుర్తు కూడా వలయంలాగే కనిపిస్తుంది, కనుక గీసి చూసే నిర్ణయించండి.

9 ఎంఎం‌లో కొన్ని కేస్‌ల లోపలి గోడలో మెట్టు ఉంటుంది. మెట్టు దగ్గర కేస్ విడిపోవచ్చు, లోపలి ఖాళీ కూడా తక్కువ. కేస్ లోపలికి వెలుతురు పడేలా చూస్తే గోడలో మందం మారే గీత కనిపిస్తుంది. అవి నేను వాడను.

.40 కేస్‌ల అడుగున పొట్ట ఉబ్బినట్టు ఉంటే, ఛాంబర్ అడుగు భాగాన్ని పూర్తిగా పట్టుకోని పిస్టల్‌లో కాల్చినది. కొందరు డైతో సరిచేసి వాడతారు. నా వరకైతే బాగా ఉబ్బి, నవ్వుతున్న పెదవిలా వంపు గుర్తు పడినవాటిని పక్కన పడేస్తాను. అగ్నిప్రమాదంలో కాలిన ఇత్తడి కూడా అంతే, వేడికి అడుగు మెత్తబడి పీడనం తట్టుకోలేదు.

చిన్న సొట్ట ఉంటే?

మూతి కాస్త వంకరపోతే డై సరిచేస్తుంది. అడుగు దగ్గర లోతుగా మడత పడితే వదిలేయండి.

పచ్చబడిన, ఎర్రబడిన కేస్‌లు వాడొచ్చా?

పైపై పచ్చదనం కడిగితే పోయి, కింద నున్నగా ఉంటే ఫర్వాలేదు. గుంతలు పడితే వద్దు. తూటా ఇత్తడిలో 70 శాతం రాగి, 30 శాతం జింకు ఉంటాయి. ఇత్తడిలోంచి జింకు పోయి రాగి మిగిలిన చోట ఎర్రటి మచ్చలు కనిపిస్తాయి. వెనిగర్ లాంటి పుల్లటి ద్రవంలో ఎక్కువసేపు ఉంచినా పైన లేత గులాబీ రంగు వస్తుంది. ఆ పైపొర మాత్రమే మారితే అంత ప్రమాదం లేదు, మచ్చలు లోతుగా ఉంటే పారేయాలి.

ఇక్కడ ఒక చరిత్ర చెప్పుకోవాలి. బ్రిటిష్ పాలనలో భారత్‌లో వర్షాకాలం గుర్రపుశాలల్లో దాచిన తూటాల ఇత్తడి కేస్‌లు తమంతట తామే చీలిపోయేవి. గుర్రాల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, తయారీలో ఇత్తడిలో మిగిలిన ఒత్తిడి కలిసి దానికి కారణమని 1921 నాటికి తేల్చారు. అందుకే అమ్మోనియా ఉన్న పాలిష్‌తో కేస్‌లను శుభ్రం చేయకండి. మెరుస్తాయి, కానీ బలహీనపడతాయి.

శుభ్రం చేశాక వేరు చేయాలా, ముందే వేరు చేయాలా?

క్యాలిబర్ వారీగా ముందే వేరు చేయండి. అన్నీ కలిపి తడి టంబ్లర్‌లో వేస్తే 9 ఎంఎం కేస్ .40లోకి, .40 వెళ్లి .45లోకి దూరి బిగుసుకుపోతాయి. మూడింటినీ విడదీయడం చాలా విసుగు పని. బాగా మురికిగా ఉంటే ముందుగా సబ్బునీళ్లలో ఒకసారి జాడించి, ఆరబెట్టి, అప్పుడు వేరు చేయండి. నల్లటి మసి వదిలితే అడుగున అక్షరాలు కూడా బాగా కనిపిస్తాయి. చీలికలు, వలయాలు, ప్రైమర్ గుంట పరిశీలన మాత్రం పూర్తిగా శుభ్రం చేశాక రెండోసారి చేయాలి.

దీనివల్ల ఆరోగ్యానికి ఏమైనా ఇబ్బందా?

చాలా ప్రైమర్లలో సీసం ఉన్న రసాయనం ఉంటుంది, అది కాలాక కేస్‌ల లోపలా పైనా ధూళిగా మిగులుతుంది. పొడి టంబ్లర్‌లో ఈ ధూళి గాల్లోకి లేస్తుంది, కనుక నీళ్లతో శుభ్రం చేయడం మేలు. ఇంట్లో వంటగది బల్ల మీద, పిల్లలు ఆడుకునే గదిలో ఈ పని వద్దు. పని చేస్తూ తినడం, ముఖం ముట్టుకోవడం వద్దు. అయ్యాక చల్లటి నీళ్లతో, సబ్బుతో చేతులు కడుక్కుని బట్టలు విడిగా ఉతకండి. ధూళిని చీపురుతో ఊడవకుండా తడిగుడ్డతో తుడవండి. పిల్లలున్న ఇంట్లో ఈ నియమాల్లో ఒక్కటీ వదలకూడదని నేను గట్టిగా అంటాను.

తయారీదారు పేరు వారీగా కూడా వేరు చేయాలా?

మామూలుగా టార్గెట్ కాల్చుకునే పిస్టల్ తూటాలకు అక్కర్లేదు. క్యాలిబర్, ప్రైమర్ సైజు, క్రింప్, మంచిచెడ్డలు చూస్తే చాలు. దూరం గురి చూసే రైఫిల్‌కైతే ఒకే హెడ్‌స్టాంప్ (అడుగున అక్షరాలు) ఉన్న, ఒకే సంఖ్యలో సార్లు కాల్చిన కేస్‌లను కలిపి ఉంచడం వల్ల లోపలి ఖాళీ దాదాపు ఒకేలా ఉండి ఫలితం నిలకడగా వస్తుంది. బరువు తూచి కూడా వేరు చేసేవాళ్లున్నారు. తేడా రిమ్ (అడుగు అంచు) లోహంలో ఉండి లోపలి ఖాళీలో లేకపోవచ్చు కనుక బరువు ఒక్కదాన్నే నమ్ముకోవడం నాకు ఇష్టం లేదు.

ఎంతసేపు చేయాలి? విసుగు వస్తోంది.

9 ఎంఎం కేస్ ఒక్కోటి సుమారు 4 గ్రాములు, వెయ్యి అంటే 4 కిలోల దాకా. ఒకే కూర్చోవడంలో పూర్తి చేయాలని అనుకోకండి. కళ్లు అలసిపోయాక చేసిన గంటలోనే .380లు తప్పిపోతాయి. అరగంట చేసి లేవండి. టీవీ చూస్తూ చేసే పని కాదిది. ఏకాగ్రత తగ్గిందనిపిస్తే ఆ ట్రేను 'చూడలేదు' అని రాసి పక్కన పెట్టి, మర్నాడు మొదటి నుంచి చూడండి.

తుక్కును ఏం చేయాలి?

పారేసే కేస్ మూతిని ప్లయర్‌తో నొక్కేయండి, మళ్లీ ఎవరి చేతిలోనూ మంచి కుప్పలో కలవదు. ఇత్తడి తుక్కు కొనేవారు ఉంటారు, అయితే పేలని తూటాలు గానీ కాలని ప్రైమర్లు గానీ అందులో లేవని ముందే చూసుకోవాలి. వాటిని కరిగించే కొలిమిలో పడేస్తే మనుషులకు గాయాలవుతాయి.

వేరు చేసినవి ఎలా దాచాలి?

మూత గట్టిగా ఉన్న డబ్బా, తడి తగలని చోటు. ప్రతి డబ్బా మీద క్యాలిబర్, ప్రైమర్ చిన్నదా పెద్దదా, క్రింప్ తీశారా, ప్రైమర్ ఊడదీశారా, శుభ్రం అయ్యాయా, ఇప్పటికి ఎన్నిసార్లు కాల్చారు అని రాయండి. ఎన్నిసార్లో తెలియని కేస్‌లకు 'తెలియదు' అని రాయండి, ఊహించి అంకె వేయకండి. చీటీని మూత మీద కాకుండా డబ్బా పక్కన అంటించండి, మూతలు మారిపోతాయి.